అణావారీ నుంచి ఉపగ్రహం దాకా



"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత మీకు కొత్త కాదు. ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే ఈ ఏటికి ఇక పంట లేనట్టే, గంప నెత్తిన పెట్టుకొని పని దొరికే ఊరికి నడవమని దాని అర్థం. నాలుగే మాటలు. కానీ అందులో పంటను ఎప్పుడు చూడాలో ఉంది, చూసి ఏం చేయాలో కూడా ఉంది. తన పొలం వరకు ఈ లెక్క రైతు తానే వేసుకోగలడు. మరి దేశం మొత్తానికి ఈ లెక్క వేసేదెవరు? వేసిన లెక్కను నమ్మేదెవరు? ఈ రెండు ప్రశ్నలకూ మన దేశంలో నూట యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మన సరిహద్దు జిల్లాల్లోనే, లేదా వాటి పక్కనే జరిగాయి. అందుకే ఈనాటి ప్రసంగానికి ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఒడిశాకు వెళదాం. 1865లో అక్కడ వానలు సెప్టెంబరు మధ్యలోనే ఆగిపోయాయి. వరి పొట్టకొచ్చే వేళ. ఎంత పంట పోయింది, ఎంత మిగిలింది అని కొలిచి చెప్పే ఏర్పాటేదీ ఆనాడు లేదు. కటకంలో ఉన్న కమిషనరు రావెన్‌షా, వర్తకులు బియ్యం దాచిపెట్టారు గానీ నిజంగా కొరత లేదని నమ్మాడు. కలకత్తాలోని రెవెన్యూ బోర్డు కూడా అట్లాగే అనుకుంది. బియ్యం తెప్పించాలన్న తెలివి వచ్చేసరికి 1866 రుతుపవనాలు దిగాయి. సముద్రం పొంగి ఓడలు ఒడ్డుకు చేరలేకపోయాయి, దారులు నీట మునిగాయి. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఒడిశా జనాభాలో మూడో వంతు అని లెక్క. పూరీ గజపతి మహారాజు తొమ్మిదో అంక సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఒడియా వాళ్ళు దాన్ని 'నఅంక' కరువు అంటారు. బరంపురం, రాయగడ వైపు శ్రోతలు ఈ మాట మీ ఒడియా ఇరుగుపొరుగుల నోట వినే ఉంటారు. రావెన్‌షా పేరుతో కటకంలో కాలేజీ వెలిసింది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. చరిత్ర ఎవరి పేరును ఎక్కడ నిలబెడుతుందో చెప్పలేం.

ఆ కరువుకు రెండేళ్ళ ముందు, 1864లో, కలకత్తాను పెద్ద తుపాను ముంచింది. ఈ దెబ్బలన్నీ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధిపతి. అంటే మన దేశంలో వాతావరణ శాఖ పుట్టుక వెనుక ఉన్నది శాస్త్ర కుతూహలం ఒక్కటే కాదు, తుపానులో కొట్టుకుపోయినవాళ్ళు, ఆకలితో పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

శాఖ పుట్టిన మరుసటి ఏడే పరీక్ష ఎదురైంది. 1876, ధాత నామ సంవత్సరం. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో వానలు ఎగబెట్టాయి. మా బళ్ళారి జిల్లా, పక్కన కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు, తమిళ దేశంలో ధాతు సంవత్సరపు పంజం అంటారు. ఈసారి తెలియకపోవడం అన్నది లేదు. జిల్లాల నుంచి కలెక్టర్ల నివేదికలు వెళ్తూనే ఉన్నాయి, తంతివార్తలు ఉన్నాయి, రైళ్ళూ ఉన్నాయి. అయినా 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చి ఖర్చు తగ్గించాలన్నాడు. కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. అది ప్రాణం నిలవడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. 1876 నుంచి 1878 వరకు ఆ కరువులో పోయినవారు 50 లక్షల పైనే అని అంచనా. 1866లో తెలుసుకోక పోయిన ప్రాణాలైతే, ఇవి తెలిసీ పోయినవి. ఈ తేడా మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

కరువు తర్వాత వేసిన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. రాష్ట్రాల్లో వ్యవసాయ శాఖలు ఉండాలి, పంటల స్థితి క్రమంగా పై అధికారులకు అందాలి అన్నది. 1884లో గోధుమతో పంట దిగుబడి అంచనాలు మొదలయ్యాయి. బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచును చూసి రాబోయే వానాకాలాన్ని ఊహించే ప్రయత్నం చేశాడు. 1886 జూన్ 4న దేశంలో మొదటి దీర్ఘకాలిక వర్ష సూచన వెలువడింది. తర్వాత 1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన గణితజ్ఞుడు. పసిఫిక్ మహాసముద్రం మీద గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, త్రాసు పళ్ళేల్లాగా అవి ఊగుతుంటాయని లెక్కలతో చూపించాడు. ఈనాడు వార్తల్లో వినే ఎల్ నినోకు ఆ ఊగిసలాటతోనే సంబంధమని 1960లలో తేలింది. 1877 కూడా అట్లాంటి బలమైన ఎల్ నినో ఏడే.

ఇది ఆకాశం కథ. కింద పొలంలో ఏం జరిగింది?

పొలంలో కరణం ఉన్నాడు. కన్నడ సీమలో శానుభోగుడు, మరాఠీ వైపు కులకర్ణి. ఊళ్ళో ఏ సర్వే నెంబరులో ఏ పంట వేశారో అడంగల్‌లో రాసేది ఆయనే. హొసూరు వైపు శ్రోతలకు ఈ మాట ఇప్పటికీ వాడుకే, తమిళనాడులో గ్రామ నిర్వాహక అధికారి దగ్గర ఉండే దస్తరం పేరు నేటికీ అడంగల్. మా వైపు మాత్రం పహణి అంటాం. ఏ పంట ఎన్ని ఎకరాలు అనేది అడంగల్ చెబుతుంది. మరి పంట ఎట్లా ఉంది? దానికి అణావారీ. పూర్తి పంట పండితే పదహారణాలు. సగం పండితే ఎనిమిదణాలు. కొన్ని రాష్ట్రాల్లో పన్నెండణాలనే మామూలు పంటగా పెట్టుకున్నారు. పన్నెండైనా పదహారైనా కొలబద్ద ఒక్కటే, మనిషి కన్ను. గట్టు మీద నిలబడి పైరును చూసి "ఇది ఆరణాల పంట" అనడం.

ఆ కన్నును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఊళ్ళో పుట్టి ఊళ్ళో పెరిగినవాడికి పైరు రంగు చూస్తే తెలిసేది చాలా ఉంటుంది. కానీ ఆ అణాల లెక్క మీద శిస్తు ఆధారపడి ఉండేది. సావిపోయిన మాగాణి పంటకు శిస్తు తగ్గించే పద్ధతి ఉండేది. పంట బాగుందని రాస్తే సర్కారుకు లాభం, బాగాలేదని రాస్తే రైతుకు ఊరట. కాబట్టి రాసేవాడి చెయ్యి రెండు వైపుల నుంచీ లాగుతూనే ఉంటుంది. ఎవరూ లాగకపోయినా కంటికి ఇంకొక బలహీనత ఉంది. అలవాటైన మధ్య లెక్క వైపే అది మొగ్గుతుంది. మరీ మంచి ఏటిని కొంచెం తగ్గించి, మరీ చెడ్డ ఏటిని కొంచెం పెంచి చూస్తుంది. దగ్గర ఉండి చూసిన వాడి మాటే నిజమని మనం అనుకుంటాం గానీ, అన్ని వేళలా అట్లా ఉండదు.

నాందేడు, చంద్రపూర్, గడ్చిరోలి వైపు శ్రోతలకు ఇదంతా పాత చరిత్రలా అనిపించకపోవచ్చు. అణాలు పోయి పైసలు వచ్చాక అక్కడ ఆణేవారీ కాస్తా పైసేవారీ అయింది. మొదట నజర్ అందాజ్, తర్వాత సుధారిత్, చివరకు అంతిమ్ అని మూడు దశల్లో ప్రకటించేవారు. 50 పైసల కన్నా తక్కువ వచ్చిన ఊరు కరువు ఊరు. ఆ అంకె కోసం ఊళ్ళకు ఊళ్ళు ఎదురుచూసేవి.

కంటి అంచనాను దాటి కొలత వైపు మొదటి గట్టి అడుగు వేసినవాళ్ళలో ఒకరు జాన్ హబ్బాక్. 1920లలో బీహారు, ఒరిస్సా కలిసి ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు ఆయన అక్కడి అధికారి. వరి పొలాల్లో ఏ చోట కోయాలో మనిషి ఇష్టానికి వదలకుండా, చీటీ ఎత్తినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకొని, చిన్న ముక్క కోసి, నూర్చి, తూచి చూశాడు. ఆయనే తర్వాత 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మొదటి గవర్నరు అయ్యాడు. ఆ బాటను ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్ జనప నార సర్వేల్లో, పి.వి. సుఖాత్మే గోధుమ, వరి పంటల్లో రాజమార్గం చేశారు. అదే నేటి పంట కోత ప్రయోగం. సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ముక్క. అంటే 25 చదరపు మీటర్లు. హెక్టారుకు అట్లాంటి ముక్కలు 400. ముక్కలో వచ్చిన గింజల బరువును 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క చెబితే ఇంటికి వెళ్ళి తండ్రులను అడుగుతారు, "నాయనా, మన చేలో ఎప్పుడైనా కోశారా?" అని.

కోత ప్రయోగం మంచిదే గానీ దానికి ఒక పెద్ద లోటు ఉంది. పంట చేతికొచ్చాకే ఫలితం తెలుస్తుంది. ఉత్తర కార్తెలో తెలియాల్సిన మాట కార్తికంలో తెలిస్తే గంప ఎత్తుకున్నవాడు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు. పైరు నిలబడి ఉండగానే ఎట్లా తెలుసుకోవడం? దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి వాతావరణం, రెండోది పైనుంచి చూడటం.

వాతావరణం దారిలో 1932లో పూనాలో ఎల్.ఎ. రామదాస్ ఆధ్వర్యంలో వ్యవసాయ వాతావరణ విభాగం మొదలైంది. పైరు ఏ దశలో ఎంత నీరు, ఎంత వేడి కోరుతుందో అక్కడ పరిశోధించారు. 1945లో రైతుల కోసం వాతావరణ సమాచారం రేడియోలో ప్రాంతీయ భాషల్లో రావడం మొదలైంది. మీరు ఇప్పుడు చెవి పెట్టిన ఈ పెట్టెకు పంటతో అంతటి పాత చుట్టరికం ఉంది.

పైనుంచి చూసే దారి 1970లో కేరళలో మొదలైంది. అక్కడ కొబ్బరికి వేరు విల్టు తెగులు పట్టింది. చెట్టు పచ్చగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల జబ్బు. ప్రొఫెసర్ పిషారటి బృందం హెలికాప్టరు ఎక్కి, పరారుణ కిరణాలను పట్టే ప్రత్యేకమైన ఫిల్ముతో కొబ్బరి తోటలను ఫొటోలు తీసింది. మామూలు కంటికి ఒకేలా ఉన్న చెట్లు ఆ ఫిల్ములో వేరువేరు రంగుల్లో కనిపించాయి. మన దేశంలో రిమోట్ సెన్సింగ్, అంటే దూరం నుంచి పసిగట్టే విద్య, ఆ కొబ్బరి తోటల్లో పుట్టిందని చెబుతారు.

దాని తర్వాతి మెట్టు మన గడప ముందే ఉంది. 1974-75లో అంతరిక్ష సంస్థ ఇస్రో, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి విమానాల నుంచి పంటలను గుర్తించే ప్రయోగం చేశాయి. దానికి రెండు జిల్లాలను ఎంచుకున్నాయి. ఒకటి పంజాబులోని పటియాలా, నీళ్ళున్న జిల్లా. రెండోది మా బళ్ళారికి ఆనుకొని ఉన్న అనంతపురం, నీళ్ళు లేని జిల్లా. ఆ ఎంపిక నాకు చాలా నచ్చుతుంది. కాలువ కింద ఒకే రంగులో పరుచుకున్న గోధుమను గుర్తించడం ఒక ఎత్తు. ఎర్ర నేలలో పలచగా మొలిచిన వేరుశెనగను, మధ్య మధ్య కంది సాళ్ళను, బీడును, రాళ్ళగుట్టను విడదీసి గుర్తించడం వేరే ఎత్తు. అనంతపురంలో పనికొచ్చిన పద్ధతి దేశంలో ఎక్కడైనా పనికొస్తుంది.

అదే 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979 నుంచి షాద్‌నగర్ కేంద్రంలో అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పంపే చిత్రాలను నేరుగా అందుకోసాగారు. మన సొంత ఐ.ఆర్.ఎస్-1ఎ ఉపగ్రహం 1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి పైకి వెళ్ళింది.

ఇంతకూ ఉపగ్రహానికి పంట ఎట్లా తెలుస్తుంది? ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి వెలుగును మింగేస్తుంది, దానితోనే ఆహారం వండుకుంటుంది. కంటికి కనిపించని పరారుణ వెలుగును మాత్రం వెనక్కి కొట్టేస్తుంది. ఆకు వాడితే ఇది తారుమారవుతుంది. ఉపగ్రహం రెండు వెలుగులనూ కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, ఆ వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తారు. ఉదాహరణకు పరారుణం 50, ఎరుపు 8 అనుకుందాం. తేడా 42, మొత్తం 58, ఫలితం సుమారు 0.72. నిండు పైరు. పరారుణం 30, ఎరుపు 20 అయితే తేడా 10, మొత్తం 50, ఫలితం 0.2. దాదాపు బోడి నేల. దీన్ని వృక్ష సూచిక అంటారు. ఈ పక్షంలో వచ్చిన సూచికను గత ఏళ్ళ ఇదే పక్షంతో పోల్చి, పైరు ముందుందా వెనుకబడిందా చెబుతారు. మన కరణం అణాల్లో చెప్పినదాన్నే ఇది దశాంశాల్లో చెబుతుందన్నమాట.

1987లో దేశంలో వాన సుమారు 19 శాతం తక్కువ పడింది. ఆ కరువు వేడి మీద పనులు వేగమయ్యాయి. హైదరాబాదు కేంద్రం 1989 ఖరీఫ్ నుంచి ఉపగ్రహాల ఆధారంగా జిల్లాల వారీగా కరువు స్థితి నివేదికలు ఇవ్వసాగింది. కర్ణాటకలో 1988లోనే కరువు పర్యవేక్షణకు ప్రత్యేక విభాగం పెట్టారు. అదే తర్వాత రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం అయింది. గ్రామ పంచాయతీకి ఒకటి చొప్పున 6,000 పైచిలుకు తనంతట తానే లెక్క పంపే వర్షమాపకాలను నిలబెట్టింది. మా ఊళ్ళలో కన్నడంలో పలకరింపే "మళె బెళె హేగిదె" అని, వానా పంటా ఎట్లున్నాయి అని. ఆ రెండు మాటలనూ జంటగా అనడం పల్లె ఎప్పుడో నేర్చింది, సర్కారు దస్తరాలు రెండింటినీ జతపరచడానికి నూరేళ్ళు పట్టింది.

అయితే ఈ సాధనాల ముందు మనం ఊరికే తలవంచనక్కరలేదు. 2002 సంగతి వినండి. అంతకు ముందు పద్నాలుగేళ్ళుగా వాతావరణ శాఖ 16 అంశాల లెక్కతో ముందస్తు సూచన ఇస్తూ వచ్చింది. ఆ ఏడూ మామూలు వర్షమే అని చెప్పింది. జూలై నెలలో సాధారణంలో సుమారు సగమే పడింది. సీజను మొత్తానికి 19 శాతం లోటు. దేశంలో ఆహార ధాన్యాల ఉత్పత్తి అంతకు ముందు ఏడు 21 కోట్ల 28 లక్షల టన్నులుంటే, 2002-03లో 17 కోట్ల 48 లక్షల టన్నులకు పడిపోయింది. తర్వాత ఆ లెక్క పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది.

ఉపగ్రహానికీ దాని కష్టాలు దానికున్నాయి. మొదట్లో కరువు నివేదికలకు వాడిన అమెరికా ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క అంటే సుమారు 1.1 కిలోమీటర్ల చదరం, మన లెక్కలో 300 ఎకరాలు. ఒక ఊరి చెరువు, మాగాణి, మెట్ట, ఊరు అన్నీ కలిపి ఒకే చుక్క. ఐ.ఆర్.ఎస్-1ఎ కెమెరాల్లో పెద్ద చుక్క 72.5 మీటర్లు, అంటే ఎకరంన్నర లోపే. కానీ అది అదే చోటికి మళ్ళీ రావడానికి 22 రోజులు పట్టేది. నేడు 10 మీటర్ల చుక్కతో చూసే యూరప్ ఉపగ్రహాలూ ఉన్నాయి. ఒక చుక్క రెండున్నర సెంట్లు, చిన్న ఇంటి స్థలమంత. మరి చుక్క చిన్నదైతే కష్టం తీరిందా అంటే, ముంగారిలో అసలు చిక్కు మబ్బు. పంటను చూడవలసిన రోజుల్లోనే ఆకాశం మూసుకుంటుంది. అందుకే మబ్బును చీల్చుకొని చూసే రాడార్ ఉపగ్రహాలు వచ్చాయి. మన రిశాట్-1ను 2012 ఏప్రిల్ 26న, ఈఓఎస్-04ను 2022 ఫిబ్రవరి 14న ప్రయోగించారు. నాట్లకు నీరు పెట్టిన మడి రాడార్‌కు నల్లగా కనిపిస్తుంది, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది. యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టా వరికి ఇది బాగా నప్పుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులాంటి వేళ, శ్రీకాకుళం, గజపతి జిల్లాల మీద రోజుల తరబడి మబ్బు కమ్మితే, పైనుంచి చూడగలిగేది అట్లాంటి కన్నే.

వేరుశెనగ దగ్గర మాత్రం ఈ కళ్ళన్నీ తడబడతాయి. మీకు చెప్పేదేముంది, శనక్కాయ పండేది మట్టి కింద. ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ బెట్ట పట్టి, ఆ తర్వాత ఒక వాన పడిందనుకోండి. ఆకు మళ్ళీ పచ్చబడుతుంది. పైనుంచి చూస్తే సూచిక భేషుగ్గా ఉంటుంది. పీకి చూస్తే చెట్టుకు నాలుగు కాయలు, అందులో రెండు లొట్టలు. అనంతపురం, బళ్ళారి, చిత్రదుర్గం రైతులకు ఇది కథ కాదు. పైనున్న కన్ను ఆకును చూస్తుంది గానీ కాయను చూడలేదు. కాయ కోసం మళ్ళీ గట్టు మీదికి రావాల్సిందే.

వాన లెక్కలోనూ ఇట్లాంటి మాయే ఉంది. వాతావరణ శాఖ పద్ధతిలో సాధారణం కన్నా 19 శాతం వరకు తగ్గినా, పెరిగినా అది సాధారణ వర్షమే. ఊహకు ఒక ఉదాహరణ చెబుతాను. నెలకు 100 మిల్లీమీటర్లు పడాలి. మొదటి రాత్రే 90 పడి, మిగిలిన నెలంతా చుక్క రాలలేదు. దస్తరంలో ఆ నెల సాధారణం. పొలంలో పైరు ఎండిపోయింది. అందుకే ఇప్పుడు మొత్తంతో పాటు, వరుసగా మూడు నాలుగు వారాలు వాన లేని ఎడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు.

ఈ సాధనాలన్నిటినీ ఒక్కచోట చేర్చే పని 2012లో గట్టిపడింది. ఆ ఏడు ఏప్రిల్‌లో ఢిల్లీలో మహలనోబిస్ పేరుతోనే జాతీయ పంట అంచనా కేంద్రం ప్రారంభమైంది. 2016లో కేంద్రం కరువు నిర్ణయానికి కొత్త నియమావళి తెచ్చింది. అందులో మొదట వాన లోటు చూస్తారు. తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహ సూచిక, నేలలో తేమ, చెరువుల్లో నీరు చూస్తారు. వాటితోనే తేల్చేయరు. ఎంపిక చేసిన పదో వంతు ఊళ్ళకు మనుషులు వెళ్ళి పొలాలను స్వయంగా చూడాలి. గట్టు మీద నిలబడే మనిషి అవసరం తీరలేదు.

ఇక మన సరిహద్దు మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. అంతకు ముందు ఒకే జిల్లా, పంటకు ఒకే లెక్క. ఆ రోజు నుంచి ఒకే మబ్బు కింద రెండు లెక్కలు. 2023ను గుర్తు తెచ్చుకోండి. ముంగారి వానలు ఎగబెట్టాయి. కర్ణాటక ప్రభుత్వం తాలూకాను యూనిట్‌గా తీసుకొని, చివరకు 236 తాలూకాల్లో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్ మండలం. 103 మండలాలను ప్రకటించారు, కర్నూలు, అనంతపురం జిల్లాల మండలాలు అందులో ఉన్నాయి. తాలూకా పెద్దది, మండలం చిన్నది. పెద్ద యూనిట్‌లో ఎండిన ఊరి లోటును తడిసిన ఊరు కప్పేస్తుంది. కొన్నిసార్లు పచ్చగా ఉన్న ఊరు కూడా కరువు జాబితాలో చేరుతుంది. చిన్న యూనిట్‌లో ఆ కప్పివేత తక్కువ, కానీ గట్టుకు ఇవతలి ఊరికి సాయం వచ్చి అవతలి ఊరికి రాకపోవడం ఎక్కువ. వియ్యంకులిద్దరి పొలాలు సరిహద్దుకు చెరో పక్కన ఉంటే, ఒకే బెట్టకు ఎండిన పైరు ఒకరి దస్తరంలో ఒకలా, ఇంకొకరి దస్తరంలో ఇంకోలా ఉండొచ్చు. ఉపగ్రహానికి సరిహద్దు గీత కనిపించదు. ప్రకటనకూ, పరిహారానికీ ఆ గీతే ఆధారం.

ఇంతా చేసి, జాబితాలో పేరు చేరినంత మాత్రాన డబ్బు చేరదు. 2023 కరువు సాయం కోసం కర్ణాటక 2024 మార్చిలో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. కేంద్రం నుంచి సాయం మంజూరైంది ఏప్రిల్‌లో. అప్పటికి ఎండిన పైరును పశువులకు మేపి కూడా నెలలు గడిచాయి. ఇందాక మనసులో ఉంచుకోమన్న తేడా ఇదే. 1877కూ దీనికీ పోలిక లేదు. రేషను బియ్యం ఉంది, ఉపాధి పని ఉంది, దారులున్నాయి. కానీ పంట పోయిందని తెలియడానికీ, తెలిసి సాయం అందడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ ఉపగ్రహమూ తగ్గించలేదని మాత్రం చెప్పక తప్పదు. పైరు ఎండిన సంగతి సెప్టెంబరులోనే తెలిసిపోయింది కదా.

2016లో వచ్చిన పంటల బీమా పథకంలో ముఖ్యమైన పంటలకు గ్రామం లేదా గ్రామ పంచాయతీయే యూనిట్. అందుకు కోత ప్రయోగాలు ఆ స్థాయిలోనే జరగాలి. ఏ సర్వే నెంబరులో కోయాలో ముందే యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయమై ఉంటుంది, బాగున్న చోటో, బాగాలేని చోటో చూసి మార్చడానికి వీల్లేదు. కోత రోజు మీ ఊరికి బృందం వస్తే వెళ్ళి నిలబడండి. తాడు 5 మీటర్లకు పట్టారా, నాలుగు మూలలా మేకులు సరిగ్గా కొట్టారా, తూకం మీ కళ్ళ ముందే వేశారా చూడండి. శనక్కాయ అయితే మట్టిలో మిగిలిన కాయలు కూడా ఏరి తూకంలో కలపాలి. పిల్లలను కూడా వెంట తీసుకెళ్ళండి, బరువును 400తో గుణించే పని వాళ్ళకు అప్పగించవచ్చు.